సర్దడం వేరు.. దాచడం వేరు!

అమీర్‌పేటలో మా మేనత్త తన ఫ్లాటును అమ్మకానికి పెట్టి మూడు నెలలైంది. పదకొండు మంది వచ్చారు. చూశారు. మంచినీళ్లు తాగారు. 'ఇంట్లో మాట్లాడుకుని ఫోన్ చేస్తాం' అన్నారు. మెట్లు దిగి వెళ్లిపోయారు. ఒక్కరూ ఫోన్ చేయలేదు.

చివరికి ఏజెంటే చేశాడు. 'అమ్మా, ముప్ఫై ఏళ్ల ఇల్లు కదా.. యాభై ఆరు లక్షలంటే ఎవరూ ముందుకు రావట్లేదు. అయిదు లక్షలు తగ్గించండి, నెలలో అమ్మిపెడతా' అన్నాడు.

అయిదు లక్షలంటే అత్తయ్యకు చిన్న మాట కాదు. ఆవిడ ఉండేది రెండో అంతస్తు. లిఫ్టు లేదు. మోకాళ్లు అరిగిపోయాయి. కూరగాయలకు దిగితే మళ్లీ పైకి రావడానికి రెండుచోట్ల ఆగాలి. కూకట్‌పల్లిలో కూతురి ఇంటి పక్క వీధిలో, కింది అంతస్తులో ఒక చిన్న ఫ్లాటు చూసుకుంది. రిజిస్ట్రేషన్ ఖర్చులతో కలిపి నలభై ఎనిమిది లక్షలు. ఇది అమ్మి అది కొంటే ఎనిమిది లక్షలు మిగులుతాయి. మామయ్య ప్రైవేటు ఉద్యోగి. పింఛను లేదు. ఆ ఎనిమిది లక్షల మీద వచ్చే వడ్డీయే ఆవిడ మందుల ఖర్చు. అందులోంచి అయిదు పోతే?

'నువ్వు పేపర్లో ఇళ్ల గురించి అవీ ఇవీ రాస్తుంటావుగా.. ఒకసారి వచ్చి చూడవే' అంది అత్తయ్య. కాదనలేకపోయాను.

ఆ ఆదివారం కొనడానికి వచ్చినదానిలా గుమ్మం దగ్గర నిలబడ్డాను. చిన్నప్పట్నుంచీ తిరిగిన ఇల్లే. కానీ ఆ రోజే మొదటిసారి చూసినట్టనిపించింది. తలుపు పక్కన పొంగిపొర్లుతున్న చెప్పుల స్టాండు. పనిచేయని కాలింగ్ బెల్లు. లోపల అడుగు పెడితే రెండు సోఫాలు, ఒక దివాను, కుట్టుమిషను, ఎప్పుడో ఆగిపోయిన కూలరు, దాని మీద పాత పేపర్ల కట్ట. కిటికీకి ముదురు మెరూన్ కర్టెను. మిణుకుమిణుకుమంటూ ట్యూబ్‌లైటు. ఎదురుగోడకు దండతో మామయ్య ఫొటో. వంటింటి గోడల మీద పోపు జిడ్డు. వెనక పడకగది మూలన, కిటికీ పక్కన పెద్ద చెమ్మ మరక.

పదకొండు మంది ఎందుకు వెళ్లిపోయారో అర్థమైంది. వాళ్లు ఇల్లు చూడలేదు. అత్తయ్య సామాను చూసి వెళ్లారు.

పేరు కొత్త.. పని పాతదే

అమ్మబోయే ఇంటిని కొనేవారి కంటికి నచ్చేలా సిద్ధం చేయడాన్ని 'హోమ్ స్టేజింగ్' అంటారు. అమెరికాలో బార్బ్ ష్వార్జ్ అనే ఆవిడ 1972లో ఈ ఆలోచనకు రూపమిచ్చారని చెబుతారు. ఇళ్ల అమ్మకాల్లోకి రాకముందు ఆమెకు నాటకాలతో పరిచయం ఉంది. రంగస్థలాన్ని సిద్ధం చేసినట్టే ఇంటినీ సిద్ధం చేయాలన్నది ఆమె సూత్రం. అక్కడిప్పుడు అదో పెద్ద వృత్తి. ఆ దేశపు రియల్టర్ల జాతీయ సంఘం 2023లో చేసిన సర్వేలో, ఇలా సిద్ధం చేసిన ఇంటిని తమ సొంత ఇల్లుగా ఊహించుకోవడం కొనేవారికి తేలికవుతోందని వాళ్ల తరఫు ఏజెంట్లలో 81 శాతం మంది చెప్పారు.

అసలు సంగతి ఆ 'ఊహించుకోవడం'లోనే ఉంది. కొనడానికి వచ్చిన ఇల్లాలు మన సోఫా బాగుందా లేదా అని చూడదు. 'నా సోఫా ఇక్కడ పడుతుందా? పిల్లాడి బల్ల ఎక్కడ వేయాలి? ఫ్రిజ్ వంటింట్లోనా హాల్లోనా?' అని లెక్కలేసుకుంటుంది. ఆ లెక్కలకు చోటివ్వాలి. అంతే!

ఇదంతా చెబితే అత్తయ్య నవ్వేసింది. 'దీనికి అమెరికా దాకా ఎందుకే? పెళ్లిచూపులకు ఇల్లు సర్దుకోమూ? అదే ఇది' అంది. నిజమే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఇల్లు అమ్మడంలో ఆ రెండు కష్టాలూ ఉన్నాయి మరి.

ముందు.. ఎవరొస్తారో తెలియాలి

ఇల్లు సర్దేముందు ఆ ఇల్లు ఎవరికి పనికొస్తుందో ఆలోచించుకోవాలి. అమీర్‌పేట, పంజాగుట్టల్లో పాత ఫ్లాటు కొనేవారు గచ్చిబౌలి టవర్లలో ఉండే హంగులకోసం రారు. ఈతకొలనూ క్లబ్‌హౌసూ ఇక్కడ లేవని వాళ్లకు ముందే తెలుసు. వాళ్లు వచ్చేది చోటు కోసం. 2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోలుకు మెట్రో మొదలైనప్పుడు అమీర్‌పేట మీదుగానే వెళ్లింది. 2018 సెప్టెంబరులో పంజాగుట్ట మీదుగా ఎల్బీనగర్‌కు, 2019 మార్చిలో హైటెక్ సిటీకి దారి తెరుచుకుంది. రెండు లైన్లూ కలిసే స్టేషను అమీర్‌పేట. నిమ్స్‌కు దగ్గర. బల్కంపేట ఎల్లమ్మ గుడికి నడిచి వెళ్లొచ్చు. మందుల షాపు, కూరల బండి, టిఫిన్ సెంటరు.. అన్నీ వీధి చివరే.

కాబట్టి ఇక్కడికి ముఖ్యంగా రెండు రకాల వాళ్లు వస్తారు. ఒకరు- దగ్గర్లోని ఆస్పత్రుల్లోనో ఆఫీసుల్లోనో పనిచేస్తూ, తామే ఉండటానికి కొనేవారు. రెండోవారు- అద్దె కోసం కొనేవారు. మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటిని నమ్ముకున్న హాస్టళ్లు మనకు తెలిసినవే. అద్దె లెక్కలు వేసుకునేవారికి గోడ రంగు కంటే కరెంటు వైరింగూ బాత్‌రూమ్ కుళాయిలూ ముఖ్యం. ఉండటానికి వచ్చేవారికి వంటిల్లు, వెలుతురు, నీళ్లు ముఖ్యం. అత్తయ్య ఇల్లు సందు లోపల ఉంది. రోడ్డు రొద తక్కువ. ఇది కుటుంబం ఉండే ఇల్లు. కనుక అలాగే చూపించాలని నిర్ణయించుకున్నాం.

బడ్జెట్ పాతిక వేలు. అంతకుమించి రూపాయి పెట్టేది లేదని అత్తయ్య ముందే చెప్పేసింది.

కాలం కూడా కలిసొచ్చింది. అది పుష్యమాసం. శూన్యమాసమని చాలామంది ఇళ్లు చూడటానికి కూడా బయల్దేరరు. ఆషాఢంలోనూ మహాలయ పక్షంలోనూ ఇంతే. అమ్మేవారు ఆ రోజుల్ని 'బేరాల్లేవు' అని బాధపడుతూ గడిపేస్తుంటారు. కానీ ఇల్లు బాగుచేసుకోవడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. పైగా చలికాలం గోడలు పొడిగా ఉంటాయి. రంగు త్వరగా ఆరుతుంది.

మొదటి ఆదివారం: తీసేయడం

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చే పనికి పైసా ఖర్చు లేదు. అది సామాను తీసేయడం. ఎలాగూ ఇల్లు మారాలి. ఎప్పుడో కట్టాల్సిన మూటలు ఇప్పుడే కట్టుకుంటే సరి.

ఒక్కో గదిలో మూడు కుప్పలు పెట్టాం. కొత్త ఇంటికి తీసుకెళ్లేవి, ఎవరికైనా ఇచ్చేవి, పాత సామాన్ల బండికి వేసేవి. కూలరు, ఇనుప మంచం, తుప్పు పట్టిన గ్యాస్ స్టవ్వు, పేపర్లు, సీసాలు బండికెక్కాయి. మూడువేల వంద రూపాయలొచ్చాయి! దివాను, ఒక సోఫా కూతురింటికి వెళ్లాయి. కుట్టుమిషను వెనక గదిలోకి మారింది. అప్పుడు చూస్తే హాలు పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు ఉందని నాకే తెలిసింది.

ఇక్కడో జాగ్రత్త. హాల్లోని సామానంతా తీసుకెళ్లి అటకల మీద, అలమరాల్లో కుక్కేయకండి. కొనేవారు అలమరాలు తప్పకుండా తెరుస్తారు. లోపల సగం ఖాళీగా కనిపిస్తేనే 'ఈ ఇంట్లో సామాను పెట్టుకోవడానికి బోలెడు చోటుంది' అనుకుంటారు.

అలాగని ఇల్లు పూర్తిగా ఖాళీ చేయడమూ మంచిది కాదు. ఖాళీ గది ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది. గోడల మీద గీతలూ మేకుల గుంతలూ బయటపడతాయి. పడకగదిలో ఒక మంచం, హాల్లో ఒక సోఫా, ఒక బల్ల ఉంటే చాలు. ఇప్పటికే ఖాళీ చేసి వెళ్లిపోయినవారైతే నెలకింతని ఫర్నిచర్ అద్దెకిచ్చే సంస్థలు హైదరాబాద్‌లో ఉన్నాయి. అంత ఖర్చెందుకనుకుంటే బంధువుల ఇంట్లోంచి ఒక మంచం, రెండు కుర్చీలు తెచ్చి వేసినా సరిపోతుంది.

ఇంట్లో అద్దెకున్నవాళ్లుంటే? ఈ చుట్టుపక్కల అదే ఎక్కువ. వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. చెప్పాపెట్టకుండా కొనేవారిని వెంటబెట్టుకెళితే మంచాల మీద బట్టలు, సింకులో గిన్నెలు స్వాగతం పలుకుతాయి. ఏ రోజు, ఏ టైముకు వస్తామో ముందురోజే చెప్పండి. ఇల్లు శుభ్రం చేయించే ఖర్చు మీరే పెట్టుకోండి. అది వాళ్లకూ మర్యాద, మీకూ లాభం.

ఫొటో ఎక్కడ పెట్టాలి?

హోమ్ స్టేజింగ్ పుస్తకాలన్నీ ఒక మాట తప్పకుండా చెబుతాయి. కుటుంబం ఫొటోలు తీసేయమని. ఇంటి నిండా మన ముఖాలే ఉంటే కొనేవారికి తాము పరాయి ఇంట్లో ఉన్నట్టే అనిపిస్తుందన్నది వాటి వాదన.

ఆ మాట అత్తయ్యతో ఎలా చెప్పాలో తెలియక రెండు గంటలు వేరే పనులు చేశాను. చివరికి చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. 'ఆయన కొన్న ఇంట్లోంచి ఆయన్నే తీసేయమంటావా?' అంది.

నా దగ్గర సమాధానం లేదు. రంగులు, బల్బుల గురించి ఎన్నయినా చెప్పొచ్చు. దీనికేం చెబుతాం? నేనేమీ మాట్లాడలేదు. సాయంత్రం కాఫీ తాగుతూ ఆవిడే లేచింది. స్టూలు వేయించి ఫొటో దింపించింది. చీరకొంగుతో అద్దం తుడిచింది. తన మంచం పక్కన చిన్న బల్ల మీద పెట్టుకుంది. 'వచ్చేవాళ్లకు గుమ్మంలోనే నా కష్టం చెప్పడమెందుకులే. ఇక్కడైతే నాకూ దగ్గరగా ఉంటారు' అంది.

ఇల్లు అమ్మేవాళ్లందరికీ ఎక్కడో ఒకచోట ఇలాంటి మేకు ఒకటి ఉంటుంది. దాన్ని పీకేయమని తొందరపెట్టకండి. టైమివ్వండి.

రెండో ఆదివారం: కడగడం, బాగుచేయడం

పాత ఇంటికి కొత్త టైల్స్ వేయించాలనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. కొనేవారు తమకు నచ్చినవి వేయించుకుంటారు. మనం చేయాల్సింది ఉన్నవాటి అసలు రంగు బయటికి తేవడమే.

బోరునీళ్లు వాడే ఇళ్లలో కుళాయిల మీద, టైల్స్ మీద తెల్లటి ఉప్పు పొర పేరుకుంటుంది. వెనిగరుగానీ నిమ్మరసంగానీ తడిపిన గుడ్డను అరగంట చుట్టి ఉంచి రుద్దితే కుళాయిలు మెరుస్తాయి. గచ్చు మార్బులైనా మొజాయికైనా ఇవి తగలనివ్వకండి. పులుపు ఆ రాయిని తినేస్తుంది. వాటికి సబ్బునీళ్లే మంచివి. ఇక బాత్‌రూమ్ యాసిడ్ విషయం. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎప్పుడూ కలపొద్దు. విషవాయువు పుడుతుంది. తలుపు మూసుకుని కడిగితే ప్రాణం మీదికొస్తుంది.

తర్వాత చిన్నచిన్న మరమ్మతులు. కారే కుళాయిలు మూడు, ఆగకుండా నీళ్లు పోయే ఫ్లష్ ట్యాంకు, కిర్రుమనే తలుపు, పగిలిన స్విచ్చులు, కాలింగ్ బెల్లు. ఇవి మనకు అలవాటైపోయి కనబడవు. కొనేవారికి అవే కనబడతాయి. కుళాయి చుక్కచుక్కగా కారుతుంటే వాళ్లు చూసేది వాషర్ ఒక్కదాన్నే కాదు. 'దీన్నే పట్టించుకోనివాళ్లు లోపలి పైపుల్ని పట్టించుకుని ఉంటారా?' అనుకుంటారు.

రంగు ఇల్లంతా వేయించలేదు. హాలు, వంటిల్లు మాత్రమే. గుమ్మంలోంచి మొదట కనబడేది హాలు. ఇల్లాలు ఎక్కువసేపు నిలబడి చూసేది వంటిల్లు. కొలత కూడా ముందే వేసుకోవచ్చు. గది నాలుగు గోడల పొడవు కలిపి ఎత్తుతో హెచ్చించి, తలుపులూ కిటికీలూ తీసేయండి. మా హాలు సుమారు 400 చదరపు అడుగులొచ్చింది. లీటరు ఎమల్షన్ రెండు కోటింగులకు సుమారు 50 నుంచి 70 చదరపు అడుగులు వస్తుంది. అంటే ఏడు లీటర్లు. లెక్క తెలిస్తే పెయింటరు అవసరానికి మించి తెప్పించడు. రంగు లేత మీగడ రంగు. అత్తయ్యకు ఆకుపచ్చ ఇష్టం. 'అది కొత్తింట్లో వేసుకుందాం' అన్నాను.

మూడో ఆదివారం: వెలుతురు

సందుల్లోని అపార్ట్‌మెంట్లకు ఉండే పెద్ద లోపం చీకటి. పక్క బిల్డింగు గోడ మన కిటికీకి ఎదురుగా ఉంటుంది. దాన్ని జరపలేం. ఉన్న వెలుతురును లోపలికి రానివ్వగలం.

మెరూన్ కర్టెన్లు తీసేసి సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో పల్చటి తెల్లటి గుడ్డ తెచ్చి కుట్టించాం. కుట్టింది అత్తయ్యే. కిటికీ అద్దాలు, దోమతెరలు కడిగాం. కడిగినరోజు గది సగం మబ్బు విడిచినట్టయింది. పాత బల్బులు మార్చి ఎల్ఈడీలు పెట్టాం. 9 వాట్ల ఎల్ఈడీ పాత 60 వాట్ల బల్బంత వెలుగునిస్తుంది. డబ్బా మీద 3000కె అని ఉంటే పసుపు వెలుగు, 6500కె అని ఉంటే తెల్లటి వెలుగు. ఏదైనా ఫరవాలేదు. ఒకే గదిలో రెండూ కలపొద్దు. అప్పుడే గది అతుకులబొంతలా కనిపిస్తుంది.

బాల్కనీలో బట్టల తీగ తీసేసి, ఉన్న తులసి కోటకు తోడుగా రెండు మనీప్లాంట్లు పెట్టాం. గుమ్మం ముందు కొత్త పట్టా. పొద్దున్నే ముగ్గు. అన్నట్టు, వాసన సంగతి మర్చిపోకండి. మన ఇంటి వాసన మన ముక్కుకు తెలియదు. కలరా ఉండలు, చేపల పులుసు, అగరొత్తులు.. కొత్తవారికి ఏదైనా ఘాటే. వాళ్లొచ్చే గంట ముందు కిటికీలన్నీ తెరిచిపెట్టడమే మంచి మందు. సెంటు కొడితే దేన్నో కప్పిపుచ్చుతున్నారన్న అనుమానం వస్తుంది.

ఆన్‌లైన్ ప్రకటనకు ఫొటోలు కూడా అప్పుడే తీశాం. పగటి వెలుతురులో, ఫోన్ అడ్డంగా పట్టుకుని, గది మూలలోంచి. గదిని సాగదీసి చూపించే లెన్సు వాడలేదు. ఫొటోలో పెద్దగా కనిపించి, వచ్చి చూస్తే చిన్నగా ఉంటే వచ్చినవారు గడపలోనే నీరుగారిపోతారు.

బీరువా జరిపితే చాలు!

ఇక మిగిలింది వెనక గదిలోని చెమ్మ మరక. ఏజెంటుకు ఫోన్ చేస్తే నిమిషంలో తేల్చేశాడు. 'ఒక కోటింగు కొట్టించేయండి మేడమ్. వానాకాలం దాకా ఎవరికీ తెలీదు.'

నిజం చెప్పాలంటే నా బుర్రలోనూ అలాంటిదే మెదిలింది. 'అత్తయ్యా, బీరువాను రెండు అడుగులు ఇటు జరిపితే మరక కనబడదు' అన్నాను. మూడు ఆదివారాలు చెమటోడ్చాం. ఒక్క మరక దగ్గర అయిదు లక్షలు పోతాయేమోనని నా భయం.

అత్తయ్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. 'మేం కొన్నప్పుడు కూడా ఆ మూలన బీరువానే ఉందే. మొదటి వానకు తెలిసింది. మీ మామయ్య బతికినన్నాళ్లూ ఆ అమ్మినాయన్ని తిట్టుకుంటూనే ఉన్నారు. నన్నలా ఎవరూ తిట్టుకోకూడదు. పెళ్లిచూపుల్లో దాస్తే కాపురంలో బయటపడదూ?'

ఆవిడకు చట్టం తెలియదు. కానీ చట్టమూ అదే చెబుతోంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం- అమ్మేవారికి తెలిసి, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఏదైనా ఆస్తిలో ఉంటే అమ్మేవారు చెప్పి తీరాలి. చెప్పకుండా దాచడం మోసం కిందికే వస్తుంది.

మేస్త్రీని పిలిపించాం. బయటి గోడకు డ్రైనేజీ పైపు పక్కన పొడవాటి పగులు కనిపించింది. వాననీళ్లు దానిలోంచి లోపలికి దిగుతున్నాయి. తాడు కట్టుకుని దిగి పగులు పూడ్చి, పైన నీళ్లు దిగని పూత పూశారు. మూడున్నర వేలయింది. లోపలి మరక మీద మాత్రం రంగు వేయించలేదు. గోడ పూర్తిగా ఆరకుండా రంగేస్తే మళ్లీ పొక్కులు లేస్తుంది. అదీగాక అత్తయ్య వద్దంది. బీరువా ఉన్నచోటే ఉంది.

కాగితాలూ సర్దాలి

ముప్ఫై ఏళ్ల ఫ్లాటు కొనేవారు గోడల కంటే ముందు కాగితాలు అడుగుతారు. బ్యాంకు లోనుకు వెళ్లేవారైతే మరీనూ. సేల్ డీడు, దానికి ముందరి లింకు డాక్యుమెంట్లు, మంజూరైన ప్లాను కాపీ, తాజా ఈసీ, ఆస్తిపన్ను, కరెంటు, నీటి బిల్లుల రసీదులు, అసోసియేషన్‌కు బకాయిలు లేవన్న ఉత్తరం. ఈ పాత అపార్ట్‌మెంట్లలో ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా వస్తుంది- మన వాటాకు స్థలం ఎన్ని గజాలు? బిల్డింగు పాతబడేకొద్దీ విలువ ఆ గజాల్లోనే ఉంటుంది. అన్నీ ఒక ఫైల్లో వరసగా పెట్టి జిరాక్సులు తీయించాం. అడిగిన కాగితం అడిగిన నిమిషంలో చేతికిస్తే సగం నమ్మకం అక్కడే కుదురుతుంది. ఇదీ సర్దడమే!

మా లెక్క

రంగు, లప్పం, పెయింటర్ల కూలి: 10,400 రూపాయలు
ప్లంబరు, కుళాయిలు, ఫ్లష్ మరమ్మతు: 2,900
ఎలక్ట్రీషియను, బల్బులు, స్విచ్చులు, బెల్లు: 1,850
ఇల్లు కడిగించిన కూలి: 2,000
కర్టెన్ల గుడ్డ, రాడ్లు: 2,200
వడ్రంగి: 900
మొక్కలు, పట్టా: 750
బయటి గోడ పగులు: 3,500
మొత్తం: 24,500

పాత సామాను అమ్మితే వచ్చిన 3,100 తీసేస్తే చేతి నుంచి పడింది 21,400. అంతకు మించి పెట్టి ఉంటే తిరిగొచ్చేదో లేదో చెప్పలేను. వంటింట్లో కొత్త కప్‌బోర్డులు, ఫాల్స్ సీలింగు వంటివాటికి లక్షలు పోసి అమ్మేవారున్నారు. కొనేవారి అభిరుచి వేరైతే అవి పీకేయడానికి మళ్లీ వాళ్లకు ఖర్చు!

పన్నెండో కుటుంబం

మాఘమాసం వచ్చింది. మొదటి ఆదివారమే ఇద్దరొచ్చారు. ఒకాయన ఫోన్లో దిక్సూచి తీసి సింహద్వారం కొలిచి, వాస్తు కుదరలేదని వెళ్లిపోయాడు. దానికి ఏ రంగూ పనిచేయదు.

తర్వాత వచ్చింది భార్యాభర్తలు, బడికెళ్లే పాప. ఆ అమ్మాయి పంజాగుట్ట వైపు ఒక ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీలు. నడిచో, ఒక్క మెట్రో స్టేషను దూరంలోనో ఇల్లు కావాలని వెతుకుతున్నారు. పాప నేరుగా బాల్కనీలోకి పరుగెత్తింది. ఆ అమ్మాయి వంటింట్లో నిలబడి గట్టు మీద చేయి వేసి చూసుకుంది. 'ఇక్కడ మిక్సీ, అక్కడ కుక్కరు..' అని భర్తతో అంటోంది. నేను అత్తయ్య చేయి నొక్కాను.

వెనక గదిలోకి రాగానే అత్తయ్యే మూలను చూపించింది. 'ఇదిగోనమ్మా, ఇక్కడ వానాకాలంలో చెమ్మ దిగుతుంది. పోయిన నెలలో బయట పగులు పూడ్పించాను. కానీ ఆ తర్వాత ఇంకా వాన పడలేదు. ఆగిందో లేదో నాకూ తెలీదు' అంది. ఏజెంటు తల పట్టుకున్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

వాళ్లు వెళ్లిపోయారు. రెండు రోజులు ఫోన్ లేదు. మూడో రోజు వచ్చింది. గోడ పేరు చెప్పి లక్ష తగ్గించమన్నారు. అత్తయ్య సరేనంది. యాభై అయిదు లక్షలకు కుదిరింది. 'నోరు మూసుకుని ఉంటే ఆ లక్ష కూడా మిగిలేదమ్మా' అన్నాడు ఏజెంటు. మిగిలేదేమో. కానీ అయిదు లక్షలు పోవాల్సినచోట ఒక లక్ష పోయింది. ఏడు లక్షలు బ్యాంకులో పడ్డాయి. మందుల లెక్క కొంచెం బిగించుకోవాల్సి వచ్చింది, అంతే.

జులైలో మూడు రోజులు ఎడతెరిపి లేకుండా ముసురు పట్టింది. అత్తయ్య ఉండబట్టలేక తనే ఆ అమ్మాయికి ఫోన్ చేసింది. 'గోడ ఎలా ఉందమ్మా?'

'పెద్ద మరక రాలేదాంటీ. కింద అరచేతి మందాన చెమ్మ కనిపిస్తోంది. మీ మేస్త్రీ నంబరిస్తే పిలిపించుకుంటాం' అంది ఆ అమ్మాయి. అత్తయ్య నంబరు చెప్పింది. తర్వాత ఇద్దరూ పాప స్కూలు గురించి, బాల్కనీలో వదిలేసి వచ్చిన మనీప్లాంటు గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నారు.

నేను పక్కనే కూర్చుని విన్నాను. ఇల్లు అమ్మిన అయిదు నెలల తర్వాత, సరిగ్గా వాన పడుతున్నప్పుడు, కొన్నవారికి ఫోన్ చేసి 'గోడ ఎలా ఉంది' అని అడగగలిగినవారు ఎంతమంది ఉంటారు? బీరువా జరిపి ఉంటే మా అత్తయ్య ప్రతి వానకూ ఫోన్ మోగుతుందేమోనని భయపడుతూ ఉండేది.

మీరూ ఇల్లు అమ్మే ఆలోచనలో ఉంటే సామాను తీయండి, కడగండి, వెలుతురు రానివ్వండి. బీరువాను మాత్రం మరక మీదికి జరపకండి.